మక్క గుడాలు, పొజోలే, రెండు చెంచాల సున్నం

మెక్సికోల పొజోలే అని ఒక వంటకం ఉన్నది. ఎండిన మక్కలను సున్నపు నీళ్లల్ల ఉడికించి, పొట్టు ఊడదీసి, మళ్ల గంటల తరబడి ఉడికిస్తరు. అండ్ల కోడినో పందినో బొక్కలతోటి వేసి, నానబెట్టిన ఎండుమిరపకాయల ముద్ద కలుపుతరు. పెద్ద గంజుల వండుతరు, పదిమందిని పిలిచి తింటరు. సెప్టెంబర్ 15 రాత్రి, 16 నాడు వాళ్ల స్వాతంత్ర్య పండుగకు ఇది ముఖ్యమైన వంట. గెరెరో రాష్ట్రంలనైతే గురువారం అంటేనే పొజోలే. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు అని మూడు రకాలు చేస్తరు.

దీన్ని నేను గోదావరిఖనిల మా ఇంట్ల, ఇక్కడ దొరికే సరుకుతోటే వండిన. ఎట్ల వండాల్నో కింద రాసిన. కానీ ఇది వంటల పోస్టు కాదు. మన తలెల ఉన్నదాన్ని మనం ఎవరి కండ్లతోటి చూస్తున్నమో అనేదాని గురించి.

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలను ఈ మధ్య ఒక పేజీ రాయమన్న. అంశం: మీ ఇంటి వంట ఒకటి, అది ఎట్ల చేస్తరు. మా క్లాసుల బాయి పనిచేసే వాళ్ల పిల్లలున్నరు, కాంట్రాక్టు కార్మికుల పిల్లలున్నరు, చుట్టుపక్కల ఊర్లకెల్లి బస్సెక్కి వచ్చే కూలోళ్ల పిల్లలున్నరు. కాగితాలు చూస్తే ఎక్కువమంది సాంబారు, బిర్యానీ, ఫ్రైడ్ రైస్ రాసిన్రు. ఒక చెల్లె మాత్రం "మక్క గుడాలు" అని రాసి, దాన్ని కొట్టేసి, పైన "స్వీట్ కార్న్" అని రాసింది. గీత కింద అసలు మాట కనబడుతనే ఉన్నది. అడిగితే ఆమె అన్న మాట: "సార్, గుడాలు వంటల కిందికి వస్తయా?"

ఆమె సిగ్గుపడలేదు. నిజంగనే అడిగింది. అందుకే నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది. సిగ్గైతే పోగొట్టొచ్చు. కానీ మన ఇంట్ల జరిగేది అసలు "వంట" అనే మాట కిందికే రాదని ఒక పిల్ల నమ్మితే, దాని వెనుక చాన పెద్ద పాఠ్యప్రణాళిక పనిచేసిందని అర్థం.

మొదలు గుడాల గురించి చెప్త. ఎండిన మక్కలను రాత్రి నానబెట్టి, పొద్దుగాల బొబ్బర్లో అనుములో శనగలో కలిపి మెత్తగ ఉడకబెడితే గుడాలు. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ ఉంటే సరిపోతది. కోడి కోసిన దినం షేర్వ పోసుకొని తింటే అంతకన్న ఏం కావాలె. పొజోలేకూ దీనికీ తేడా ఎంత? ఒకటే. సున్నం. మిగిలిందంత అక్కచెల్లెండ్ల పోలికనే. ఎండిన గింజ, నీళ్లు, నిప్పు, బొక్కల రసం, మిరపకాయ.

ఆ సున్నం కథ తెలుసుకుంటే మనకు మన సంగతి ఎక్కువ తెలుస్తది.

మక్క పుట్టిల్లు మెక్సికో. సుమారు 9000 ఏండ్ల కింద అక్కడి మూలవాసులు టియోసింటే అనే గడ్డిని సాగుచేసి, తరతరాలుగ గింజలు ఎంచి ఎంచి మక్క కంకిని తయారుచేసిన్రు. మూడు వేల ఏండ్లకు పైగా వాళ్లు ఆ గింజను సున్నంల ఉడికిస్తున్నరు. దాన్ని నిష్తమల్ చేసుడు అంటరు. వాళ్ల నహువా భాషల "నెష్త్లి" అంటే బూడిద. ఉత్తర అమెరికా మూలవాసులు కట్టెల బూడిద నీళ్లతోటి ఇదే పని చేసిన్రు. ఇంగ్లీషోళ్లు "హామినీ" అనే మాటను ఆ మూలవాసుల భాషకెల్లే తీసుకున్నరు.

సున్నం ఏం చేస్తది? గింజ మీది గట్టి పొట్టును ఊడగొడుతది. కాల్షియం ఇస్తది. అన్నిటికన్న పెద్ద సంగతి, మక్కల కట్టుబడి ఉన్న నియాసిన్ అనే విటమిన్‌ను విడిపిస్తది. ఉత్త నీళ్లల్ల ఉడికిస్తే ఆ నియాసిన్‌ల చానవరకు ఒంటికి పట్టదు. ఈ సంగతిని ఆ ఆడోళ్లు ప్రయోగశాలల తెలుసుకోలేదు. పొయ్యి కాడ తెలుసుకున్నరు, బిడ్డలకు నేర్పిన్రు.

స్పెయిన్ వాళ్లు వచ్చిన్రు. నేలను తీసుకున్నరు, బంగారం తీసుకున్నరు, మక్కలు తీసుకున్నరు. సున్నం మాత్రం తీసుకపోలేదు. ఓడిపోయినోళ్ల పొయ్యి కాడ నేర్చుకునే విద్య ఉంటదని గెలిచినోళ్లకు తోచలేదు. పంట ప్రపంచమంత తిరిగింది, దాన్ని వండే తెలివి ఊర్లనే ఉండిపోయింది.

ఫలితం ఏంది? 1735ల స్పెయిన్‌ల గాస్పర్ కసాల్ అనే వైద్యుడు మక్కలు తిని బతికే పేద రైతులల్ల ఒక కొత్త రోగం చూసిండు. మెడ చుట్టు హారం లెక్క ఎర్రటి పుండు, చేతుల మీద తోలు పగులుడు, విరేచనాలు, ఆఖరికి మతి చెడుడు, సావు. 1771ల ఇటలీల దానికి పెలాగ్రా అని పేరు పెట్టిన్రు. అంటే గరుకు తోలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్ల అమెరికా దక్షిణ రాష్ట్రాలల్ల ఈ రోగం వేలమందిని చంపింది. ఎవరిని? కౌలు రైతులను, నల్లజాతి కూలీలను, బట్టల మిల్లు కార్మికులను, జైళ్లల్ల ఖైదీలను, అనాథాశ్రమాల పిల్లలను.

ఇక్కడ ఆగి ఒక సంగతి చూడున్రి. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇది అంటురోగం అన్నరు. ఇంకొందరు ఇది వంశపారంపర్యం, కొన్ని రక్తాలల్లనే ఉంటది అన్నరు. తిండి లేక వచ్చిన రోగాన్ని పుట్టుక మీదికి తోసిన్రు. ఈ తర్కం మనకు కొత్తదా? మురికివాడల ఉంటరు కాబట్టి మురికోళ్లు, చదువు చెప్పలేదు కాబట్టి చదువు రానోళ్లు. కారణాన్ని తీసుకపోయి ఫలితం స్థానంల పెట్టుడు కులానికి తెలిసిన పాత విద్య.

1914ల జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు రంగంలకు వచ్చి, ఇది అంటురోగం కాదు, తిండి లోపం అని చూపించిండు. తర్వాత ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తతో కలిసి సౌత్ కరోలినా మిల్లు ఊర్లల్ల ఇంటింటికి తిరిగి లెక్కలు తీసిండు. ఆదాయం తక్కువున్న ఇండ్లల్లనే రోగం ఎక్కువ. తాజా మాంసం, పాలు దొరకని ఊర్లల్లనే రోగం ఎక్కువ. అంటే మందు సీసాల లేదు, జీతంల ఉన్నది. నియాసినే అసలు మందు అని 1937ల కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ తేల్చిండు. ఆ మందు మెక్సికో ఆడోళ్ల గంజుల వేల ఏండ్లుగ ఉన్నది.

ఇదంత దూరపు కథ అనుకోకున్రి. పెలాగ్రా మన దక్కన్‌ల కూడ ఉండె. ఇక్కడ మక్క కాదు, జొన్న. 1960ల హైదరాబాద్ పోషకాహార పరిశోధన ప్రయోగశాలల పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా "లాన్సెట్" పత్రికల రాసిన్రు: జొన్న మీదనే బతికే ఇక్కడి పేదోళ్లల్ల పెలాగ్రా కనబడుతున్నది, జొన్నల ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువుండుడు దానికి కారణం కావొచ్చు అని. ఆ ప్రయోగశాలనే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, ఎన్.ఐ.ఎన్.

ల్యూసిన్ సంగతి మీద శాస్త్రవేత్తలు తర్వాత చాన వాదించుకున్నరు. నాది సాహిత్యం, ఆ వాదంల నేను దిగను. కానీ "జొన్న మీదనే బతికే పేదోళ్లు" అనే మాటను మాత్రం వదలను. ఎందుకు జొన్న మీదనే బతికిన్రు? దొర దగ్గర జీతమున్నోనికి ఇచ్చే గాసం జొన్నలల్లనో మక్కలల్లనో ఉంటుండె. పప్పు ఉండకపోవు. పాలు ఉండకపోవు. బర్రెను కాసేటోని ఇంట్ల పాలు లేకపోవుడు ఏ రోగ శాస్త్రం కిందికి వస్తది?

గుడాలల్ల బొబ్బర్లు, అనుములు కలుపుడు ఉత్త రుచి కోసం కాదు. మక్కల తక్కువైనదాన్ని పప్పుగింజ పూరిస్తది. మెక్సికోలనూ మక్కతోటి చిక్కుడు జాతి గింజలు ఒకే చెల్కల వేస్తరు, ఒకే తలెల తింటరు. మన అవ్వలకు నియాసిన్ పేరు తెలవదు. గింజకు గింజ తోడు కావాలని తెలుసు. ఆ తోడు గింజ కొనే కూలి దొరకని రోజే రోగం. కాబట్టి తిండి గురించి మాట్లాడుడు అంటే తెలివి గురించి మాట్లాడుడే, కూలి గురించి మాట్లాడుడే.

"అన్నా, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలున్నయి, కాంట్రాక్టు కార్మికుల జీతాల సమస్య ఉన్నది, ఇప్పుడు వంట ముచ్చట అవసరమా?" అని ఉద్యమంల ఉన్న తమ్ముళ్లు అడుగుతరు. అవసరమే. గోల్డ్‌బర్గర్ మిల్లు ఊర్లల్ల అడిగిన ప్రశ్ననే మన బొగ్గు ఊర్లల్ల అడగాలె. ఒకే బాయి మీద పర్మినెంట్ కార్మికుని ఇంట్ల, కాంట్రాక్టు కార్మికుని ఇంట్ల వారానికి ఎన్నిసార్లు మాంసం వండుతరు, పిల్లలు ఎన్నిసార్లు గుడ్డు తింటరు? ఈ లెక్క తీస్తే వేతన ఒప్పందం గురించి ఎవరూ చెప్పని మాటలు బయటికి వస్తయి. ఎకనామిక్స్, సోషియాలజీ చదివే పిల్లలకు ఇంతకన్న మంచి ప్రాజెక్టు ఏముంటది?

ఇప్పుడు గింజల కులం సంగతి. 1899ల ఫ్రాన్సిస్కో బుల్నెస్ అనే మెక్సికో మేధావి ఒక పుస్తకం రాసిండు. మనుషుల్ని గోధుమ తినేటోళ్లు, వరి తినేటోళ్లు, మక్క తినేటోళ్లు అని మూడు ముక్కలు చేసి, గోధుమ జాతులే ముందుకు పోతయి, మక్క తిని మూలవాసులు వెనకబడ్డరు అన్నడు. నేల గుంజుకున్న సంగతి వదిలేసి రొట్టె మీద తప్పు పెట్టిండు.

మన సాహిత్యంల ఈ పని ఇంకా ముందే జరిగింది. శ్రీనాథుని పేర చెప్పుకునే చాటువుల్ల పల్నాడు మీద ఒక పద్యం ఉన్నది. తెలుగు ఎం.ఏ. చదివినోళ్లందరికీ తెలుసు. సజ్జ, జొన్న కూడును రాళ్ల పక్కన, పాముల పక్కన, తేళ్ల పక్కన పెట్టి లెక్కబెడుతది. క్లాసుల మనం దాన్ని చమత్కారం అని చెప్తం, పిల్లలు నవ్వుతరు. ఆ కూడు తినే ఇంటికెల్లి వచ్చిన పిల్ల కూడ నవ్వుతది. నవ్వాలె, లేకుంటే దొరికిపోతది. ఆ నవ్వు నేర్చుకున్న పిల్లనే రేపు గుడాలను కొట్టేసి స్వీట్ కార్న్ అని రాస్తది. ఆ పద్యాన్ని తీసెయ్యమని నేను అనను. అది చెప్పినప్పుడు ఒక ప్రశ్న కూడ చెప్పాలె: ఈ పద్యంల తినేటోడు ఎవరు, ఎక్కిరించేటోడు ఎవరు?

సురవరం ప్రతాపరెడ్డి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" 1949ల వచ్చింది. కావ్యాలల్ల చెదిరి ఉన్న తిండి, బట్ట, ఆట ముచ్చట్లను ఏరి చరిత్ర కట్టిన గొప్ప పని అది. కానీ కావ్యం ఎవరి వంటింట్లకు పోయిందో చరిత్రకు ఆ వంటిల్లే దొరికింది. మాల మాదిగ వాడల పొయ్యి కాడికి ఏ ప్రబంధ కవి వచ్చిండు? అందుకే మన చరిత్ర మన అవ్వల చేతులల్ల ఉన్నది, రాసుకోకుంటే వాళ్లతోటే పోతది. మహారాష్ట్రల షాహూ పాటోళే 2015ల మరాఠ్వాడ దళితుల వంటల మీద పుస్తకం తెచ్చిండు. మన దగ్గర ఆ పని ఎవరు చేస్తరు?

1983ల రెండు రూపాయల బియ్యం వచ్చినంక జొన్న గట్క, మక్క గట్క నెమ్మదిగ పక్కకు జరిగినయి. అది తప్పని నేను అనను. తెల్లబువ్వ తినే హక్కు మన పెద్దోళ్లు కలగన్న హక్కు. 2025 ఉగాదికెల్లి రేషన్ల సన్నబియ్యం వస్తున్నయంటే అది కూడ అట్లాంటిదే. కానీ చూడున్రి, మనం వదిలిన గింజ వేరే దారిల పోయింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నది, జొన్న పెద్ద షాపులల్ల అందమైన సంచుల్లకు ఎక్కింది. మక్కలైతే శ్రీరాంసాగర్ కాలువల కింద పండి కోళ్ల దాణాకు పోతున్నయి. గింజ పేరు మారలేదు. తినేటోడు మారంగనే మర్యాద మారింది.

నేను ఉద్యోగంల చేరినప్పుడు కిరాయి ఇల్లు వెతికిన. ఒక ఇంటాయన "నీచు వండుతరా?" అని అడిగిండు. ఇదే మనిషి ఎన్నడన్న ఏ విదేశీ హోటల్లనో పొజోలే తింటే అంతర్జాతీయ వంటకం తిన్న అని ఫోటో పెడతడు. అండ్ల ఉన్నది కూడ కోడినే, బొక్కలే, మక్కలే.

సరే, వంటకు వద్దాం. ఆరుగురు కడుపునిండ తినేటంత.

అరకిలో ఎండు మక్కలు. తెల్లయి దొరికితే మంచిది, పచ్చయైనా నడుస్తది. విత్తనాల షాపుల అమ్మే మక్కలు వద్దు, వాటికి మందు పట్టించి ఉంటది. బూజు పట్టినయి ఏరిపారెయ్యాలె. పాన్ డబ్బల దొరికే తెల్ల సున్నం, వాసన కలపనిది, రెండు టీ చెంచాలు. గోడల సున్నం వద్దు. కాల్చిన సున్నపు రాయి అసలే ముట్టొద్దు, నీళ్లు తగిలితే కుతకుత ఉడికి చెయ్యి కాలుతది. స్టీలు గంజు తీసుకున్రి. సున్నానికి అల్యూమినియం పడదు.

రెండు లీటర్ల నీళ్లల్ల సున్నం కలిపి, మక్కలు వేసి, నలభై నిమిషాలు చిన్న మంట మీద ఉడకనియ్యాలె. దించి మూత పెట్టి తెల్లారేదాక వదిలెయ్యాలె. పొద్దుగాల గింజలు పసుపుపచ్చగ మారి, రుద్దితే పొట్టు జారుతది. నాలుగైదు నీళ్లల్ల గట్టిగ రుద్ది కడుగున్రి, సున్నం జారుడు పోయేదాక. ఓపిక ఉంటే గింజ మొనకున్న నల్ల ముక్కను గిల్లిపారెయ్యున్రి, గింజ పువ్వు లెక్క విచ్చుకుంటది. మంచినీళ్లు పోసి, ఉప్పు వెయ్యకుండ, కుక్కర్ల పది పన్నెండు విజిల్స్. మన మక్కలు గట్టివి, విచ్చుకోకుంటే ఇంకో ఐదు.

ఇంకో గంజుల కిలోంబావు నాటుకోడి బొక్కలతో సహా, ఒక ఉల్లిగడ్డ, అడ్డంగ కోసిన ఒక పూర్తి ఎల్లిగడ్డ, ఉప్పు. చికెన్ షాపుల కాళ్లు అడిగి నాలుగైదు తెచ్చుకొని, కాల్చి శుభ్రం చేసి వెయ్యున్రి. షేర్వకు చిక్కదనం వాటితోటే వస్తది. నాటుకోడికి గంటన్నర, బాయిలర్‌కు నలభై నిమిషాలు. ఉడికినంక ముక్కలు తీసి, మాంసం పీసులు పీసులు చేసి పెట్టుకోవాలె.

మెక్సికో మిరపకాయలు మనకెందుకు? ఎనిమిది బ్యాడ్గి, మూడు చపాటా చాలు. చపాటా మన వరంగల్‌ది. టమాట లెక్క ఉబ్బుగ ఉంటది, రంగెక్కువ, కారం తక్కువ. 2025ల దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. గింజలు తీసి వేడినీళ్లల్ల ఇరవై నిమిషాలు నానబెట్టి, ఐదారు ఎల్లిగడ్డ రెబ్బలు, అర చెంచా జీలకర్ర వేసి మెత్తగ నూరి వడగట్టున్రి. రెండు చెంచాల నూనెల పచ్చివాసన పోయేదాక వేయించి షేర్వల కలపాలె. మక్కలు వేసి అరగంట మరగనిచ్చి, మాంసం వేసి దించుడే. ఒరెగానో లేదని బాధ వద్దు, రెండు వాము ఆకులు తుంచి వేస్తే ఆ వాసనకు దగ్గరికి వస్తది.

తినేటప్పుడు పైన సన్నగ తరిగిన క్యాబేజీ, ముల్లంగి, పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మకాయ. పక్కన పెనం మీద కరకర కాల్చిన జొన్నరొట్టె. మా అమ్మ ఒక గిన్నె తిని, "గుడాలకు సున్నం పెడితే ఇంత మెత్తగైతయా" అన్నది. మెక్సికో గురించి ఏమీ అడగలేదు. సున్నం ఎంత పోసినవని అడిగింది. వంట తెలిసినోళ్లు వంట తెలిసినోళ్లను అట్లనే గుర్తుపడతరు.

ఆఖరిగ నా వాదం. పొజోలే లెక్కనే మన గుడాలకు కూడ ప్రపంచ గుర్తింపు రావాలె అని నేను అడుగుతలేను. 2010ల యునెస్కో మెక్సికో వంటను మానవాళి వారసత్వం అన్నది. మంచిదే. కానీ వంటకాన్ని జెండా మీద పెట్టుకొని, దాన్ని కనిపెట్టిన మూలవాసి ఆడమనిషిని ఊరి చివరనే ఉంచొచ్చు. తిండికి దండ వేసి, వండిన చేతిని మర్చిపోవుడు ప్రపంచమంత తేలికగ జరిగే పని. మనకు కావాల్సింది మెప్పు కాదు. వండిన చెయ్యికి తెలివి ఉన్నదని ఒప్పుకోవాలె. ఆ చెయ్యికి తోడు గింజ కొనేంత కూలి దొరకాలె.

అందుకే తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఒక పని చెయ్యున్రి. ఈ వారం మీ అమ్మ కాడనో అవ్వ కాడనో కూసోని ఒక వంట రాసుకోన్రి. ఎంత గింజ, ఎన్ని నీళ్లు, ఎంతసేపు మంట, ఏది ఎందుకు కలుపుతరు, ఏది దొరకని రోజు ఏం చేసిన్రు. ఆ చివరి ప్రశ్న మర్వకున్రి, అసలు చరిత్ర దాని జవాబుల ఉంటది. పైన చెప్పినామె పేరు రాయున్రి. ఊరు రాయున్రి. తేదీ వెయ్యున్రి. మన డిపార్ట్‌మెంట్ల గోడపత్రికకు అవే మొదటి పేజీలు.

వచ్చే భాగంల బోటి గురించి, బాయి మీది క్యాంటీన్ల గురించి రాస్త.

జై భీమ్.